సేటు మింగిన మూడు గోలీలు

గుండె మందులు, నెత్తురు మందులు, సుగర్ మందులు. నర్సింగు పుస్తకాలల్ల ఈ మూడింటికి మూడు పాఠాలుంటయి. పరీక్షకు ఒకటి చదివి ఇంకోటి వదిలేసినా పాసైతరు. మనిషి కడుపులకు మాత్రం మూడు గోలీలు ఒక్క గుక్క నీళ్లతోనే పోతయి. లోపటికి పోయినంక అవి ఏం కొట్లాడుకుంటయో మనకు కనవడది. నేను ఒక్కసారి కండ్లార చూసిన. అది కూడ వార్డుల కాదు. కేసముద్రం మార్కెట్టు యార్డు గేటు ముంగట, తెలంగాణ దీక్షా టెంటుల, మైకుల ఊరంత ఇంటుంటె చూసిన.

నాది లింగాల ఘనపూర్. జనగామల చేసిన, మొగుళ్లపల్లి దిక్కు చేసిన, ఉద్యమం జోరు మీదున్నప్పుడు కేసముద్రం దిక్కు సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సుగ ఉన్న. ఇప్పుడు రిటైరై ఇంటికాడ ఉన్న. కొత్తగ డ్యూటీల చేరిన పిల్లలు కలిసినప్పుడు "మేడం, మీ సర్వీసుల యాదికున్న కేసేంది?" అని అడుగుతరు. పాము కరిచిన కేసో, కష్టమైన కాన్పో చెప్తననుకుంటరు. నేను సేటు సంగతి చెప్త.

ఆ రోజులల్ల మీరు చిన్నపిల్లలు, మీకు ఎరుక ఉండది. ఇయ్యాల బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు. రైలు ఏడ ఆగుతదో నడిపేటాయనకే తెల్వది. మార్కెట్టు గేటు కాడ పెద్ద టెంటేసి రిలే నిరాహార దీక్షలు పెట్టిన్రు. పొద్దుగాల దండలేస్కోని కొందరు కూసునేది, సాయంత్రం నిమ్మరసం తాగి లేసేది, తెల్లారి ఇంకో జట్టు. ఒకనాడు లారీ డ్రైవర్లు, ఒకనాడు హమాలీలు, ఒకనాడు మంగలోళ్లు. బ్యాండుమేళం వాళ్లు కూసున్ననాడైతె పొద్దుగాల ఊరదిరిపోయేటట్టు ఊదిన్రు. పొద్దుగూకే యాళ్లకు ఊదే శక్తి లేక డప్పు ఒక్కటే మోగింది.

టెంటు కాడ నా డ్యూటీ ఏందంటె, కూసునేటోళ్లకు బీపీ చూసుడు, నాడి చూసుడు, "సుగర్ ఉన్నదా? గోలీలేమన్న ఏసుకుంటున్నవా?" అని అడుగుడు. సుగర్ ఉన్నోళ్లను కూసోనియ్యకపోతుంటి. వాళ్లు అలిగేది. "సుగర్ ఉంటె తెలంగాణ వద్దా?" అని ఒక ముసలాయన నాతోని వారం రోజులు మాట్లాడలే.

నా తోడుకు మా దవాఖాన ఆయమ్మ వచ్చేది. తండా మనిషి. ఇంట్ల లంబాడి మాట, దవాఖానల తెలుగు, కోపమొస్తె రెండు కలిపి తిట్టేది. మందుల సంచి ఆమె భుజానికే ఉండేది.

మా డాక్టరు సారు కోస్తా దిక్కు పిలగాడు. చేతివాసి మంచిది, మనిషి ఇంకా మంచోడు. ఊరోళ్లకు ఆయనంటె పాణం. అందుకే ముందుగాల్నే చెప్పిపెట్టిన్రు: "సారూ, నువ్వు మావోనివే. గని బందు రోజులల్ల జర నోరు తెరవకు. బయట ఊరోళ్లుంటరు, నీ మాట ఇంటె పరేషానైతది. చెయ్యి పట్టి చూడు, గోలియ్యి, గంతే." పాపం ఆయన గట్లనే చేసేది. దగ్గున్నదా అని అడగాలంటె తనే దగ్గి చూపిచ్చేది. విరేచనాలైతున్నయా అని సైగలతోని అడిగిననాడు నేను, ఆయమ్మ గది బయటికొచ్చి గోడకు ఒరిగి నవ్వినం.

టెంటు మొత్తం నడిపిచ్చేది ఒక బడిపంతులు. ఆయనను అందరు కన్వీనర్ సారు అనేది. సన్నగ ఉండేది గని గొంతు మాత్రం మైకు లేకున్నా స్టేషన్ దాక ఇనవడేది. ఒకనాడు మీటింగుల ఆయన మాట జారిండు. "షావుకార్లు జెండాలు కొనిస్తరు, టెంటు కిరాయి ఇస్తరు. కడుపు మాత్రం మాడ్చుకోరు" అన్నడు.

గా మాట మా సేటుకు గుచ్చుకున్నది. సేటంటె పప్పుల హోల్‌సేల్ దుకాణమాయన. అరవై దగ్గరపడ్డ మనిషి, తెల్ల లాల్చి, నుదుట బొట్టు. తెల్లారే వచ్చి "ఇయ్యాల నేన్ గూసుంట. ఎవరు లేకున్నా ఒక్కన్నే గూసుంట" అన్నడు. ఆయనను చూసి ఇంకో నలుగురు దుకాణపోళ్లు కూడ వచ్చిన్రు. కన్వీనర్ సారు సంబురపడి పత్రికాయనకు ఫోన్ కొట్టిండు.

నేను బీపీ చూసిన. బాగనే ఉన్నది. నాడి నిమ్మళంగ ఉన్నది.

"సేటూ, సుగర్ ఉన్నదా?"

"సుగరా? నాకా? ఉక్కుముక్క లెక్క ఉన్న సిస్టరూ."

"గోలీలేమన్న ఏసుకుంటున్నవా?"

"నేనమ్మేది పప్పులు, నాకు గోలీలెందుకు?"

అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. దండ పడ్డది.

పది దాటేదాక అంత మంచిగనే నడిచింది. సేటు నడుమ కూసోని పత్రికాయనకు ఫొటో ఇచ్చిండు, పాటగాళ్లకు చప్పట్లు కొట్టిండు. ఎండ జోరైనంక ఆయన మొకం మారింది. పక్కాయన మాట్లాడిస్తె ఆలస్యంగ పలుకుతున్నడు. దండల ఉన్న బంతిపువ్వు తెంపి రెండు వేళ్ల నడుమ నలిపి చూసి "తేమ ఎక్కువున్నది, ఎండబెట్టాలె" అన్నడు. పప్పు బేరం చేస్తున్నడని పక్కాయన నవ్విండు. నేను గప్పుడు టెంటు ఇంకో మూలకు సొమ్మసిల్లిన ఒక అవ్వకు నీళ్లు తాపుతున్న.

కన్వీనర్ సారు మైకు సేటు చేతిల పెట్టి, "మన సేటుగారు నినాదమిస్తరు, అందరు గట్టిగ అందుకోవాలె" అన్నడు.

సేటు లేసి నిలవడ్డడు. జర ఊగిండు.

"జై..." అన్నడు.

జనమంత అందుకునేటందుకు పిడికిళ్లు పైకెత్తిన్రు.

"జై... జై..." అని ఏదో ఎతుక్కుంటున్నట్టు పైకి చూసి, పెద్ద గొంతుతోని, "జై సమైక్యాంధ్ర!" అన్నడు.

అలవాటు కొద్ది ఎవరో వెనకకెల్లి "జై!" అన్నడు. వాని వీపు మీద ఒక్కటి పడ్డది.

ఇగ లేసిన్రు. "సేటు అమ్ముడుపోయిండు!" "వీళ్ల మిర్చి, పప్పు అంతా అటుదిక్కే పోతది, అందుకే అంటున్నడు!" "దండ తీయున్రి!" కన్వీనర్ సారు మొకం సున్నమేసినట్టు తెల్లవడ్డది. దుకాణపోళ్లు నలుగురు సేటుకు ఎడంగ జరిగి కూసున్నరు. సేటు మాత్రం చిన్నగ నవ్వుకుంట, "కందులు దింపున్రి, లారీ ఆగింది" అంటున్నడు.

నేను జనాన్ని తోసుకోని పోయిన. సేటు చెయ్యి పట్టుకున్న. చెయ్యి చల్లగ, తడితడిగ ఉన్నది. లాల్చి వీపుకు అతుక్కపోయింది. ఎండకు అందరికి చెమటనే, గని ఇది వేరు చెమట. తానం చేసి తుడుచుకోనట్టున్నది. నాడి చూస్తె పొద్దుగాల ఉన్నట్టే నిమ్మళంగ కొట్టుకుంటున్నది. సుగర్ పడిపోయిన మనిషికి గుండె దడదడ కొట్టుకోవాలె. నిమిషం సేపు నాకు సమజ్ కాలే. ఎండదెబ్బనా, పక్షవాతమా?

గప్పుడే సేటు ఇంటామె ఉరికొచ్చింది. మొగన్ని తిడుతున్నరని ఎవరో చెప్పిన్రట. కొంగు నడుముకు చెక్కుకోని నేరుగ టెంటులకు వచ్చింది.

"అక్కా, సేటుకు సుగర్ ఉన్నదా?" అన్న.

"ఎప్పటిసందో ఉన్నది."

"పొద్దుగాల గోలీలు ఏసుకుండా?"

"ఏసుకోకుంటె ఊకుంటనా? నేనే మూడు చేతిల పెట్టి నీళ్లిచ్చిన. అన్నం తప్పినా గోలీలు తప్పద్దని వరంగల్ డాక్టరు చెప్పె గద! సుగర్‌ది ఒకటి, బీపీది ఒకటి, గుండెకు నెత్తురు పలచగ ఉంచేది ఒకటి." 

ఏమేం గోలీలో పేర్లతోని సహా చెప్పింది. గప్పుడు నాకు చీకట్ల దీపం పెట్టినట్టైంది. చూడున్రి పిల్లలూ, సుగర్ గోలీ తిండి పడ్డదా లేదా అని అడగది. దాని పని అది చేసుకుంట పోతది. సేటు ఏసుకున్నది అసలే దినమంత పట్టుకోని గుంజే రకం. పడిపోతున్న సుగర్‌ను మనకు చెప్పేది గుండెదడ, వణుకు. సేటు ఏసుకున్న బీపీ గోలీ గుండెను నిమ్మళంగ కొట్టిచ్చే రకం, అది గా దడను తొక్కిపెట్టింది. అది తొక్కిపెట్టలేనిది ఒక్క చెమటనే. మనిషిని బతికిచ్చిన సాక్షి గా చెమట ఒక్కటే.

"చక్కెర తేండ్రి!" అన్న. చాయ్ బండోడు గ్లాసుల కలుపుకోని వచ్చిండు. సేటు పండ్లు బిగవట్టిండు. మతి లేకున్నా దీక్ష మాత్రం యాదికున్నది. "ముట్ట... ముట్ట" అని మూతి తిప్పుకున్నడు. బలవంతంగ పోస్తె ఊపిరితిత్తులకు పోతదని భయం. పైనుంచి కన్వీనర్ సారు అడ్డమొచ్చిండు.

"సిస్టరమ్మా, అందరి ముంగట దీక్ష మధ్యల నోట్లె సక్కెర పోస్తె రేపు పేపర్ల ఏమొస్తది? ముందుగాల ఆ మాట, ఇప్పుడు ఈ సక్కెర! మా టెంటు పరువేంగావాలె?"

"సారూ, మనిషి పోతె పరువుంటదా?"

డాక్టరు సారుకు ఫోన్ చేసిన. మా దవాఖానల సుగర్ చూసే మిషిను ఉండె, అందుల పెట్టే స్ట్రిప్పులు లేకుండె. చూడకుండ సూది ఇయ్యొచ్చా అని అడగాలె. లొల్లికి ఏం ఇనవడక స్పీకర్ పెట్టిన. సేటు కింద పడేసిన మైకు నా కాళ్ల కాడ్నే ఉన్నది, బందు చెయ్యలేదన్న సోయి ఎవరికి లేదు.

"ఆలోచించకండి సిస్టర్, వెంటనే గ్లూకోజు ఎక్కించేయండి! సుగరు పడిపోయి ఉంటే లేచి కూర్చుంటాడు, కాకపోతే నష్టమేమీ లేదండి!"

గా మాట, గా యాసల, నాలుగు దిక్కుల కట్టిన మైకులల్ల మార్కెట్టంత ఇనవడ్డది. జనం ఒక్కసారి ఉలిక్కిపడ్డరు. "ఎవడ్రా వాడు? టెంటులకు ఎట్లొచ్చిండు?" అని ఒకడు కుర్చీల కింద ఎతుకుతున్నడు. "ఆగున్రి, అది మన డాక్టరు సారే!" అని ఇంకొకడు. "మనోడే గని నోరు తెరవద్దని చెప్పినం గద!" అని మూడోవాడు.

నేను మైకు గుంజి బందు చేసి, ఆయమ్మను దవాఖానకు పంపిన, గ్లూకోజు సీసాలు, పెద్ద సిరంజి తెమ్మని. బందు రోజు, ఆటోలు లేవు. టెంటు పక్క బందోబస్తుల ఒక కానిస్టేబుల్ మోటర్ సైకిల్ మీద కూసోని పల్లీలు తింటున్నడు. ఆయమ్మ పోయి వెనక ఎక్కి కూసున్నది. "నడువ్" అన్నది. "ఏడికి?" అన్నడు. "నడువంటె!" అని రెండు భాషలల్ల అన్నది. పల్లీల పొట్లం ఆడ్నే పడేసి నడిపిండు.

వాళ్లొచ్చేలోపట సేటు తల నా భుజం మీద వాలిపోయింది. పిలిస్తె పలుకుతలేడు. ఇంటామె ఆయన చెంపలు తడుతున్నది. "నేనే ఇచ్చిన సిస్టరూ, నా చేతులతోనే ఇచ్చిన" అని మెల్లగ అన్నది. గప్పటిదాక తిట్టినోళ్లే జెండా గుడ్డలతోని సేటుకు గాలి విసరవట్టిన్రు.

సీసాలు రాంగనే కన్వీనర్ సారు మళ్ల వంగి నా చెవుల అడిగిండు: "సిస్టరమ్మా, సూదిల ఇచ్చేది తిన్నట్టా, తిననట్టా?"

"నోట్లె పడితె తిన్నట్టు. నరంల పడితె మందు."

సారు మొకం ఎలిగింది. మైకు అందుకోని, "దీక్ష భగ్నం కాలేదు! నరంలకు మాత్రమే ఇస్తున్నరు!" అని ప్రకటించిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. చప్పట్ల నడుమ నరం ఎతుకుడు నా సర్వీసుల గదే మొదలు, గదే ఆఖరు.

మెల్లగ ఎక్కిచ్చిన. సిరంజి సగమైనంక సేటు కండ్లు తెరిచిండు. ఇంకొంచెం పోయినంక లేసి కూసున్నడు. చుట్టు చూసి, "ఏందే, అందరు గిట్ల చూస్తున్నరు? నువ్వెందుకొచ్చినవ్?" అని ఇంటామెను అడిగిండు.

"సేటూ, నువ్వు ఏం నినాదమిచ్చినవో ఎరుకేనా?" అన్నడు కన్వీనర్ సారు.

"జై తెలంగాణ అన్న."

"కాదు."

చెప్పిన్రు. సేటు ఇన్నడు. మొకం ఎర్రగైంది. "నా నోట్లకెల్లి గా మాట చచ్చినా రాదు! మైకుల ఎవడో అన్నడు!" అన్నడు. తర్వాత జనం మొకాలు చూసి, నిజమే అన్నట్టున్ననని సమజైందేమో, దండ కొస వేలికి సుట్టుకుంట తలకాయ దించుకున్నడు. పొద్దుగాల్నుంచి తిండి లేని మనిషి, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

నేను గప్పటిదాక నలుగురి ముంగట మాట్లాడిన దాన్ని కాదు. మైకు తీసుకున్న.

"అన్నలూ, అక్కలూ, సేటుకు సుగర్ ఉన్నది. మీతోని కూసోవాలన్న కోరికకు నా కాడ దాచిండు. గోలీ ఏసుకోని తినలే. సుగర్ పడిపోతె మెదడుకు బువ్వ అందది. బువ్వ అందని మెదడు తాగినోని లెక్క ఏదంటె అది అంటది. గా మాట సేటుది కాదు, గోలీది."

వెనకకెల్లి ఒకడు లేసి అమాయకంగ అడిగిండు: "అయితె సిస్టరూ, గా మాట అనేటోళ్లందరికి సుగర్ పడిపోయిందా?"

టెంటు పగిలిపోయేటట్టు నవ్విన్రు. దుకాణపోళ్లు నవ్విన్రు, కానిస్టేబుల్ నవ్విండు, సేటు కండ్లు తుడుచుకుంటనే నవ్విండు. ఎడంగ జరిగిన నలుగురు మళ్ల దగ్గరికి జరిగిన్రు.

నవ్వుతోని అయిపోతె బాగుండు. గా సుగర్ గోలీ ఊకునే రకం కాదని చెప్పిన గద. సూది బలం దిగంగనే అది మళ్ల గుంజుతది. "సేటూ, లే. దవాఖానకొచ్చి అన్నం తినాలె, రేపటిదాక ఆడ్నే ఉండాలె" అన్న.

"సాయంత్రం దాక కదల. ఇయ్యాల లేస్తె ఈ ఊర్ల మళ్ల తలెత్తుకోను."

ఎంత చెప్పినా ఇనడు. కన్వీనర్ సారు కూడ బతిలాడిండు. "నువ్వే గద అన్నవ్, కడుపు మాడ్చుకోరని" అన్నడు సేటు.

గప్పుడు ఇంటామె అడిగింది: "సారూ, రిలే అంటె ఏంది?"

"ఒకరి తర్వాత ఒకరమ్మా."

"గంతే గద. ఆయన లేస్తె నేన్ గూసుంట."

టెంటుల గప్పటిదాక ఆడోళ్లు వచ్చి పాటలు పాడిన్రు, వంటలు చేసిన్రు గని, దుకాణపోళ్ల ఇండ్లకెల్లి దండేస్కోని కూసున్న ఆడామె లేదు. సేటు నోరెల్లవెట్టిండు. "నువ్వు గూసుంటె ఇల్లెవరు చూస్తరే?"

"నువ్వు చూడు. వచ్చేటప్పుడు పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన, మాడుతుంటది."

నేను నా డ్యూటీ మరువలే. "అక్కా, నీకేమన్న గోలీలున్నయా?"

"నాకు గోలీలు లేవు సిస్టరూ. ఈయన గోలీలు యాదికి పెట్టుకునుడే నా రోగం."

సేటు మెడల దండ తనే తీసి ఆమె మెడల ఏసిండు. పెండ్లి తర్వాత మళ్ల గిప్పుడే ఏసిన అనుకుంట అన్నడు. ఎవరో ఈల కొట్టిన్రు.

సేటును నడిపిచ్చుకోని బయటికి తీసుకపోయినం. ఇగ మూడో గోలీ తన పని మొదలువెట్టింది. సూది గుచ్చిన కాడ దూదిని గట్టిగ అదిమి పట్టుకొమ్మని చెప్పిన. సేటు రోడ్డు మీదున్న జనానికి దండం పెట్టవట్టి దూది ఇడిచిండు. నెత్తురు పలచగ ఉంచే గోలీ ఏసుకునేటోళ్లకు గుచ్చిన కాడ తొందరగ ఆగది. తెల్ల లాల్చి చెయ్యి ఎర్రగైంది. నిజానికి చెంచెడు నెత్తురు కూడ ఉండది, గని తెల్లబట్ట మీద చెంచెడే చెంబెడు లెక్క కనవడ్తది.

మైకుల మాటలు ఇన్నరు గని, గా నెత్తురు ఏడికెల్లి వచ్చిందో బయటోళ్లకు ఎరుక లేదు. "సేటు మీద లాఠీ పడ్డది!" అన్నడొకడు. స్టేషన్ దిక్కు పోయేసరికి, సేటు నెత్తురుతోని జై తెలంగాణ అని రాసిండని మారింది. మేము దవాఖాన చేరేసరికి మా వెనక జెండాలతోని ఊరేగింపు. పొద్దుగాల అమ్ముడుపోయిన సేటు పగటీలికి నెత్తురు చిందిచ్చిన సేటైండు. పాపం కానిస్టేబుల్ చుట్టు పది మంది మూగిన్రు. "నేనేం కొట్టలే! నేను ఆయమ్మను ఎక్కిచ్చుకొచ్చిన!" అని మొత్తుకుంటుంటె, ఆయమ్మ అడ్డం నిలవడి రెండు భాషలల్ల ఆయనను ఇడిపిచ్చింది.

దవాఖానల ఇంకో చిక్కు. హోటళ్లు బందు, సేటు ఇంట్ల పొయ్యి మీద పప్పు మాడిపోయింది. డాక్టరు సారు తన టిఫిన్ డబ్బా తెచ్చి సేటు ముంగట పెట్టిండు. అన్నం, ముద్దపప్పు, ఆవకాయ. తినమని చేతితోని సైగ చేసిండు.

సేటు ఆయన దిక్కు చూసి, "నోరు తెరువు సారూ. ఊరంత ఇన్నరు ఇయ్యాల, ఇగ దాచేదేముంది?" అన్నడు.

"తినండి సేటుగారూ, మొత్తం తినేయాలి" అన్నడు సారు, ఎన్ని రోజులకో మాట్లాడిన సంబురంతోని.

సేటు ముద్దపప్పు నోట్లె పెట్టుకోని, కండ్లు మూసుకోని నమిలి, "పప్పు నాసిరకం. రేపు మా దుకాణంకెల్లి పంపిస్త" అన్నడు. మనిషి పూర్తిగ సోయిలకు వచ్చిండని నాకు గప్పుడు నమ్మకమైంది. తెల్లారేదాక కనిపెట్టుకోని ఉన్నం. మళ్ల ఒకసారి చెమట పట్టింది, మళ్ల గ్లూకోజు ఎక్కిచ్చినం, నిలవడ్డడు.

ఆ సాయంత్రమే టెంటుల ఇంటామె నిమ్మరసం తాగి లేసింది. మరునాడు దుకాణపోళ్ల ఇండ్లకెల్లి, తండాలకెల్లి ఆడోళ్లు జట్లుజట్లుగ వచ్చిన్రు. జాగ సరిపోక కన్వీనర్ సారు టెంటు పెంచిండు. సేటు ఇంటామె రోజూ వచ్చి నా పక్కన కుర్చేసుకోని కూసునేది. కూసునేటోళ్లను నేనడిగితె అబద్ధమాడేటోళ్లు. ఆమె వాళ్లను అడగకపోయేది. వాళ్ల ఇండ్లోళ్లను అడిగేది. "మీ ఆయన ఏమేం మింగిండు పొద్దుగాల?" అంటె నిజం దానంతట అదే బయటికొచ్చేది. పిల్లలూ, మందుల పాఠంల ఇదొక్కటి రాయలే, మీరు రాసుకోండ్రి.

కొన్నాళ్లకు కన్వీనర్ సారే కూసుంటనని దండ పట్టుకోని వచ్చిండు. నేను బీపీ పట్టీ చుట్టుతుంటె ఆమె సారు మొకం దిక్కు చూసి, ఏమనుకున్నదో, ఆయన ఇంటికి ఫోన్ కలిపి రెండు మాటలు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, దండ ఆయన చేతులకెల్లి తీసుకోని పక్కాయన మెడల ఏసింది.

"సారూ, నువ్వు ఇంటికి పోయి టిఫిన్ చెయ్యి" అన్నది.

"అమ్మా, ఈ టెంటు నేనేసిందే!" అన్నడు సారు.

"టెంటు నీదే సారూ, కాదన్ననా? సుగర్ కూడ నీదే. నడువ్."

సారు నా దిక్కు చూసిండు. నేను బీపీ పట్టీ ఇప్పి, తరువాతాయన చేతికి చుట్టిన.